తొమ్మిది ఎకరాల్లో కూతురి వాటా

తాతల నాటి తొమ్మిది ఎకరాలు వదిలి ఒక తండ్రి చనిపోయాడనుకుందాం. భార్య ముందే పోయింది. మిగిలింది ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. 1956 హిందూ వారసత్వ చట్టం మొదట ఆ భూమిని తండ్రికీ కొడుకులకూ తలా మూడెకరాలు పంచినట్టు లెక్క కట్టింది. తండ్రి భాగంలోని మూడెకరాలు మాత్రమే ముగ్గురు బిడ్డలకూ సమానం. కొడుకులకు నాలుగేసి ఎకరాలు వచ్చాయి, కూతురికి ఒక్కటి. స్త్రీలకు సమాన వాటా ఇచ్చామని చెప్పుకున్న చట్టం ఇదే!

ఈ లెక్కకు మూలం మితాక్షర. చాళుక్యుల కాలంలో విజ్ఞానేశ్వరుడు రాసిన ఈ వ్యాఖ్యానం ప్రకారం పూర్వీకుల ఆస్తిలో కొడుక్కి పుట్టుకతోనే హక్కు ఉంటుంది. బెంగాల్‌లో చెల్లిన జీమూతవాహనుడి దాయభాగం మాత్రం తండ్రి బతికుండగా కొడుక్కి హక్కు లేదంటుంది. సనాతనమని చెప్పే ధర్మం ఆస్తి దగ్గర ఏనాడూ ఒక్కటిగా లేదు.

బాబాసాహెబ్ హిందూ కోడ్ బిల్లు సరిగ్గా ఈ వేరు మీదే దెబ్బ వేసింది. పుట్టుకతో వచ్చే హక్కు తీసేయాలి, కూతురికి కొడుకుతో సమాన వాటా ఇవ్వాలి, వితంతువుకు దక్కే ఆస్తి ఆమె సొంతం కావాలి అన్నది. ఆస్తి ముక్కలవుతుందనీ కుటుంబాలు కూలతాయనీ సభలో గోల చేశారు. బిల్లు అటకెక్కింది. 1951 సెప్టెంబరులో ఆయన మంత్రి పదవి వదిలేశారు. తర్వాత వచ్చిన 1956 చట్టం వితంతువుకు పూర్తి హక్కు ఇచ్చింది కానీ కొడుకుల జన్మహక్కును ముట్టుకోలేదు.

మనం దీక్ష తీసుకున్నాం, ఆ చట్టంతో మనకేం పని అనేవారున్నారు. బౌద్ధులకూ అదే వర్తిస్తుందని చట్టం రెండో సెక్షన్‌లోనే రాసి ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి కూతుళ్లకూ జన్మహక్కు వచ్చింది. అయితే అప్పటికే పెళ్లయినవారికి లేదు! ఒకే ఇంట్లో అక్కకు లేనిది చెల్లెలికి దక్కింది. దేశమంతటికీ, పెళ్లయిన వారితో సహా, ఆ హక్కు రావడానికి 2005 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది.

ఇప్పుడు తొమ్మిదెకరాల్లో కూతురివి మూడు. పసుపుకుంకుమల కింద చీర పెట్టి, హక్కు విడుదల పత్రం మీద ఆమె సంతకం తీసుకోవడం మాత్రం మన ఇళ్లలో కూడా ఆగలేదు.