మూడున్నరేళ్ల జపాను ఏలుబడిలో పోర్ట్ బ్లెయిర్

దక్షిణ అండమాన్ తూర్పు తీరాన ఉండి, 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ పట్టణం 1942 మార్చి 23న దాదాపు ఏ ప్రతిఘటనా లేకుండా జపాను సైన్యం వశమైంది. మార్చి 8న రంగూన్ పతనమయ్యాక ఈ దీవులను నిలుపుకోలేమని తేల్చుకున్న బ్రిటిష్ ప్రభుత్వం తన దళాలను ముందే తరలించగా, ద్వీపాంతరవాస శిక్షపై వచ్చి స్థిరపడిన ఖైదీల సంతతివారు, అంటే ఇక్కడ ‘లోకల్ బార్న్’ అని పిలిచే జనం, చిరుద్యోగులు, ఖైదీలు రక్షణ లేకుండా మిగిలిపోయారు. సరిగ్గా రెండు వారాలకు, ఏప్రిల్ 6న, జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. అక్కడ దాడి ఆ రోజుతో ముగిసింది, ఇక్కడ మాత్రం మూడున్నరేళ్ల ఏలుబడి మొదలైంది.

సెల్యులర్ జైలు తలుపులు తెరిచి ఖైదీలను వదిలిన కొత్త పాలకులను విమోచకులని నమ్మినవారు లేకపోలేదు. అయితే కోళ్ల కోసం ఇళ్లలో చొరబడిన సైనికులపై ఎయిర్ గన్ పేల్చిన జుల్ఫికర్ అలీ అనే యువకుణ్ణి నలుగురి ఎదుట హింసించి కాల్చి చంపడంతో ఆ భ్రమ కొద్ది రోజుల్లోనే సడలింది.

అసలు విపత్తు ‘గూఢచారి కేసుల’ రూపంలో వచ్చింది. ఒకప్పుడు ఇక్కడే పోలీసు అధికారిగా పనిచేసిన డెనిస్ మెకార్థీ 1943లో జలాంతర్గామిలో వచ్చి అడవుల్లో రహస్యంగా సమాచారం సేకరించాడు. సముద్రం మీద తమ ఓడలు దెబ్బతింటున్న కొద్దీ, వాటి కదలికల సమాచారం ఊరివారే చేరవేస్తున్నారని జపాను అధికారులు అనుమానించి, పట్టుబడినవారిని హింసించి పేర్లు చెప్పించి, ఆ పేర్లవారిని మళ్లీ హింసించారు. భారత స్వాతంత్ర్య సమితి, అంటే ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్, స్థానిక శాఖకు నాయకత్వం వహించిన వైద్యుడు, పంజాబీ కవి దీవాన్ సింగ్‌ను సైతం 1943 అక్టోబరులో నిర్బంధించగా, చిత్రహింసల ఫలితంగా ఆయన 1944 జనవరి 14న మరణించారు.

ఈ రెండు తేదీల నడుమనే, 1943 డిసెంబరు 30న, సుభాష్ చంద్రబోస్ ఇదే పట్టణంలో త్రివర్ణ పతాకం ఎగురవేశారు. జపాను అధికారుల కాపలా మధ్య సాగిన ఆ పర్యటనలో జైల్లో మగ్గుతున్నవారి గోడు ఆయన చెవిన పడే అవకాశమే లేకపోయింది. దీవులు బోస్ నెలకొల్పిన ఆజాద్ హింద్ ప్రభుత్వానికి దక్కాయన్నది కాగితం మీది మాటే: గవర్నరుగా వచ్చిన కర్నల్ లోకనాథన్‌కు విద్యాశాఖ తప్ప చెప్పుకోదగిన అధికారం దక్కలేదు. పతాకావిష్కరణ జరిగిన నెలకు, 1944 జనవరి 30న, దక్షిణ అండమాన్‌లోనే ఉన్న హంఫ్రీగంజ్‌లో గూఢచారులన్న ముద్రతో 44 మంది భారతీయులను కాల్చి చంపారు. పతాకం ఎగిరిన రోజును దేశమంతా స్మరిస్తూ ఈ రోజును మరచిపోవడం న్యాయం కాదు.

బర్మా బియ్యం మీద ఆధారపడిన దీవులకు మిత్రరాజ్యాల నౌకలు, జలాంతర్గాములు సముద్రమార్గం మూసివేయడంతో తిండి కరువైంది; 1945 ఆగస్టులో పని చేయలేరని తలచిన వందల మందిని పొలం పనులకని నమ్మించి పడవల్లో ఎక్కించి, హావ్‌లాక్ దీవి దగ్గర నీళ్లలోకి నెట్టారు. మృతుల సంఖ్యపై నేటికీ ఏకాభిప్రాయం లేదు. అక్టోబరు 7న జింఖానా మైదానంలో జపాను సేన లాంఛనంగా లొంగిపోయింది.

విశాఖపట్నం నుంచి ఓడలో వచ్చే తెలుగు యాత్రికులు సెల్యులర్ జైలు చూసి వెనుదిరగకుండా హంఫ్రీగంజ్ స్మారకం దాకా కూడా వెళ్లాలి.