పట్టాల వెడల్పు మారే సరిహద్దులు: ఆసియా, ఐరోపాల నడుమ సుదీర్ఘ రైలు దారి

రష్యా రాజధాని మాస్కో నుండి పసిఫిక్ తీరాన ఉన్న వ్లాదివొస్తోక్ వరకు సాగే ట్రాన్స్ సైబీరియన్ రైలు మార్గం పొడవు 9,288 కిలోమీటర్లు. ఒకే దేశంలో ఇంత దూరం ఏకధాటిగా సాగే మార్గం ప్రపంచంలో మరొకటి లేదు. మన పాఠకులు ఎరిగిన కొలతలో చెప్పాలంటే, విశాఖపట్నం, శ్రీకాకుళం, బరంపురం మీదుగా కన్యాకుమారి, దిబ్రూగఢ్‌ల మధ్య నడిచే వివేక్ ఎక్స్‌ప్రెస్ ప్రయాణించే సుమారు 4,200 కిలోమీటర్లకు ఇది రెండింతల పైమాటే. ఈ మార్గం నుండి మంగోలియాకు, చైనాకు శాఖలు చీలుతాయి. పడమట బెలారుస్, పోలండుల మీదుగా జర్మనీ, ఫ్రాన్సు, స్పెయిన్, పోర్చుగల్ దేశాలకు పట్టాలు కొనసాగుతాయి. అంటే పసిఫిక్ నుండి అట్లాంటిక్ దాకా నేల మీద ఇనుప దారి ఉన్నదన్నమాట. అయితే ఆ దారి వెడల్పు అంతటా ఒకటి కాదు. సరిహద్దులు వచ్చినచోట అది మారుతుంది. సరిహద్దు గ్రామాలలో పుట్టి పెరిగినవారికి ఈ విషయం ప్రత్యేకమైన ఆసక్తి కలిగించగలదు.

ఈ మార్గ నిర్మాణం 1891లో ఆరంభమైనది. అప్పటి రష్యా యువరాజు, తరువాత చక్రవర్తి అయిన నికొలాస్ తూర్పు దేశాల యాత్రలో భాగంగా మన దేశాన్ని కూడా చూసి, జపానులో తనకు కాపలాగా నిలిచిన ఒక పోలీసు వేసిన కత్తి వేటు నుండి ప్రాణాలతో బయటపడి, వ్లాదివొస్తోక్ చేరుకొని, అక్కడ తన చేతులతో ఒక తోపుడు బండి మట్టి పోసి పనులు ప్రారంభించాడు. ఆర్థిక మంత్రి సెర్గేయ్ విట్టె ఈ పనికి వెన్నెముకగా నిలిచాడు. పని చేసినవారిలో రైతులు, సైనికులు, ఖైదీలు, చైనా నుండి వచ్చిన కూలీలు ఉన్నారు. బైకాల్ సరస్సు ఈ దారికి పెద్ద అడ్డంకి అయినది. 1,642 మీటర్ల లోతుతో ప్రపంచంలోనే అత్యంత లోతైన ఈ సరస్సును దాటించడానికి మంచును పగలగొట్టుకొంటూ పోగల ఓడను ఇంగ్లాండులో తయారు చేయించి, ముక్కలుగా తెచ్చి ఒడ్డున బిగించారు. రైలు పెట్టెలను ఓడ మీదికి ఎక్కించి ఆవలి ఒడ్డుకు చేర్చేవారు. 1904లో జపానుతో యుద్ధం వచ్చినప్పుడు సరస్సు గడ్డకట్టి ఓడ నడవలేదు. అప్పుడు మంచు మీదనే పట్టాలు పరచి, పెట్టెలను గుర్రాలతో లాగించారు. సరస్సు ఒడ్డు వెంట కొండలు తొలిచి వేసిన దారి ఆ తరువాత అక్కరకు వచ్చినది.

మొదట్లో వ్లాదివొస్తోక్ చేరేందుకు దగ్గరి దారి చైనాలోని మంచూరియా గుండా ఉండేది. పరాయి నేల మీది దారిని నమ్ముకోలేమని రష్యా తన భూభాగంలోనే చుట్టుదారి వేసుకున్నది. 1916లో ఖబారొవ్‌స్క్ వద్ద ఆమూర్ నది మీద వంతెన పూర్తి కావడంతో మార్గమంతా సొంత నేల మీదకు వచ్చినది. 2002 నాటికి మొత్తం మార్గానికి విద్యుత్తు అమర్చడం ముగిసినది.

చివరిదాకా వెళ్ళేవారికి ఆరేడు రోజులు పడుతుంది. పెట్టెకొక పరిచారిక ఉంటుంది. టిక్కెట్లు చూడడం, దుప్పట్లు ఇవ్వడం, పెట్టెను శుభ్రంగా ఉంచడం ఆమె బాధ్యతలు. పెట్టె చివర వేడినీళ్ళ బాయిలరు రాత్రింబగళ్ళు మరుగుతూనే ఉంటుంది. టీ పొడి, పొడి ఆహారం వెంట ఉంచుకొంటే ఆకలికి ఇబ్బంది లేదు. చౌక తరగతి పెట్టెలో 54 పడకలు ఉంటాయి. తలుపులు లేని గదులు, ప్రతి గదిలో నాలుగు పడకలు, నడవకు అవతల కిటికీ పక్కన రెండు. మన స్లీపరు తరగతి చూసినవారికి ఆ అమరిక వెంటనే అర్థమవుతుంది. మనకు గదికి ఆరు, పక్కన రెండు కదా. 1,777వ కిలోమీటరు వద్ద ఆసియా, ఐరోపాల సరిహద్దును తెలిపే స్తంభం కనిపిస్తుంది. రైలు దానిని నిమిషంలో దాటిపోతుంది. ఖండాల సరిహద్దులు రైలును ఆపవు. మాస్కోకు, వ్లాదివొస్తోక్‌కు కాలమానంలో ఏడు గంటల తేడా ఉన్నది. 2018 ఆగస్టు 1 దాకా దేశమంతటా రైల్వే స్టేషన్ల గడియారాలు మాస్కో వేళనే చూపేవి. ఊళ్ళో పొద్దుగుంకుతుంటే స్టేషనులో మధ్యాహ్నమన్నమాట. ఆ తేదీ తరువాత స్థానిక వేళకు మార్చారు.

ఇక పట్టాల సంగతి. రష్యా, బెలారుస్, ఉక్రెయిన్, కజకిస్తాన్, మంగోలియా దేశాలలో పట్టాల మధ్య వెడల్పు 1,520 మిల్లీమీటర్లు. చైనాలోను, పోలండు మొదలు ఐరోపాలో అధిక భాగంలోను అది 1,435 మిల్లీమీటర్లు. తేడా 85 మిల్లీమీటర్లు, అంటే సుమారు బెత్తెడు. ఈ బెత్తెడు కోసమే సరిహద్దులో బండి గంటల తరబడి ఆగవలసి వస్తుంది. బెలారుస్‌లోని బ్రెస్త్ వద్ద, చైనా, మంగోలియాల సరిహద్దులోని ఎర్లియాన్ వద్ద ఇందుకు పెద్ద షెడ్లు ఉన్నాయి. పెట్టెలను విడదీసి, ప్రయాణికులు లోపల ఉండగానే జాకీలతో పైకి లేపుతారు. కింద ఉన్న చక్రాల చట్రాలను తోసివేసి, రెండవ వెడల్పుకు సరిపడే చట్రాలను దొర్లించి, పెట్టెను వాటి మీద దించుతారు. ఆ చక్రాల చట్రానికే రైల్వే పరిభాషలో బోగీ అని పేరు. మనం పెట్టెనే బోగీ అనడానికి అలవాటు పడ్డాము.

వెడల్పులు మొదట ఇంజనీర్ల నిర్ణయాలే అయినా, తరువాత అవి రాజ్యాల చేతిలో పనిముట్లయ్యాయి. మంచూరియాలో రష్యా వేసిన మార్గాన్ని 1935లో సోవియట్ ప్రభుత్వం అమ్మివేయగా, జపాను అధీనంలోని పాలకులు దాని వెడల్పు తగ్గించారు. 1941లో సోవియట్ దేశం మీద దండెత్తిన జర్మనీ సైన్యం తాను ఆక్రమించిన మేర పట్టాలను దగ్గరకు జరుపుకొంటూ పోయినది. మాస్కో, బీజింగుల మైత్రి రోజులలో చైనాలో ఎర్లియాన్ వైపు దారిని రష్యా వెడల్పుతోనే వేశారు. స్నేహం చెడిన తరువాత, 1965లో, చైనా దానిని తన వెడల్పుకు మార్చుకున్నది. చక్రాలు మార్చే చోటు అప్పటి నుండే ఆ సరిహద్దుకు వచ్చినది.

ఈ ఇబ్బంది మనకు కొత్తది కాదు. ఆంధ్ర, ఒడిశాల సరిహద్దులో నౌపడ నుండి పర్లాకిమిడికి 1900లో వేసిన చిన్న రైలు మార్గం వెడల్పు 762 మిల్లీమీటర్లు. తరువాత అది గుణుపురం దాకా సాగినది. మద్రాసు, కలకత్తా ప్రధాన మార్గం 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజి కనుక, సరుకైనా మనిషైనా నౌపడలో దిగి మారవలసినదే. 2004లో చిన్న బండి ఆగిపోయి, 2010, 2011లలో బ్రాడ్ గేజి వచ్చిన తరువాతనే ఆ అవస్థ తీరినది. ఆ దారిన ప్రయాణించిన పెద్దలు ఇంకా మన ఊళ్ళలో ఉన్నారు.

సరుకు రవాణాలో సాధారణంగా చక్రాలు మార్చరు. పెద్ద ఇనుప పెట్టెలను, అంటే కంటైనర్లను, క్రేనుతో ఒక బండి మీది నుండి మరొక బండి మీదికి ఎత్తుతారు. 2014 నవంబరులో చైనాలోని యీవూ నుండి బయలుదేరిన సరుకు రైలు సుమారు 13,000 కిలోమీటర్లు దాటి 21 రోజులకు స్పెయిన్ రాజధాని మాడ్రిడ్ చేరినది. చైనా, కజకిస్తాన్ సరిహద్దులో ఒకసారి, బెలారుస్, పోలండు సరిహద్దులో ఒకసారి, ఫ్రాన్సు, స్పెయిన్ సరిహద్దులో మరొకసారి సరుకును బండి మార్చారు. స్పెయిన్ వెడల్పు 1,668 మిల్లీమీటర్లు, మన బ్రాడ్ గేజికి ఎనిమిది మిల్లీమీటర్లు మాత్రమే తక్కువ.

ఇన్ని వెడల్పులను దాటగలిగిన రైళ్ళు వేరే కారణాల వల్ల ఆగిపోయాయి. మాస్కో, బీజింగుల మధ్య మంగోలియా మీదుగాను, మంచూరియా మీదుగాను వారానికొకసారి నడిచిన రైళ్ళు 2020లో కరోనా వల్ల నిలిచాయి. మాస్కో నుండి బెర్లిన్, పారిస్, నీస్ నగరాలకు వెళ్ళిన బండ్లు కూడా ఆ సంవత్సరమే ఆగాయి. వీటిలో బెర్లిన్ వెళ్ళే బండి చక్రాలు మార్చే పని లేకుండా, తన చక్రాలను తానే సర్దుకొనే స్పెయిన్ తయారీది. ఫిన్లండు పట్టాలకు, రష్యా పట్టాలకు నాలుగు మిల్లీమీటర్లే తేడా. బండి మార్చనవసరం లేకుండా హెల్సింకి, పీటర్స్‌బర్గుల మధ్య 2010 నుండి వేగంగా నడిచిన రైలు ఉక్రెయిన్ యుద్ధం తరువాత 2022 మార్చి 27న ఆగినది. 2025 సెప్టెంబరులో పోలండు రెండు వారాల పాటు బెలారుస్ సరిహద్దును మూసివేయగా, చైనా నుండి వచ్చే సరుకు రైళ్ళకు దారి లేకపోయినది.

మన పొరుగున జరిగినది దీనికంటె విచిత్రం. భారత, పాకిస్తాన్ బ్రాడ్ గేజి ఒకటే, 1,676 మిల్లీమీటర్లు. 1976లో ప్రారంభమైన సంఝౌతా ఎక్స్‌ప్రెస్‌కు చక్రాల సమస్యే లేదు. రాజస్థాన్‌లోని మునాబావ్ వద్ద 1965 యుద్ధంతో మూసిన దారిని తెరవడానికి పాకిస్తాన్ తన వైపున్న మీటరు గేజిని బ్రాడ్ గేజిగా మార్చి మరీ 2006లో థార్ ఎక్స్‌ప్రెస్‌ను నడిపినది. ఈ రెండు బండ్లూ 2019 ఆగస్టులో ఆగిపోయాయి. ఐరోపా దాకా నేల మీద రైలులో వెళ్ళాలని ఎవరైనా హైదరాబాదులోనో బెంగుళూరులోనో బయలుదేరితే, మొదటి ఆటంకం సైబీరియాలో కాదు, అటారీలోనే ఎదురవుతుంది.

కనుక మనవారిలో ఈ యాత్ర తలపెట్టేవారు విమానంలో మాస్కోకో వ్లాదివొస్తోక్‌కో చేరి, రష్యా లోపలి భాగం వరకు రైలులో చూడడం సులభం. రష్యా 2023 ఆగస్టు నుండి భారతీయులకు ఎలక్ట్రానిక్ వీసా ఇస్తున్నది. అయితే అది నిర్ణీత ప్రవేశ ద్వారాల వద్ద మాత్రమే చెల్లుతుంది. రైలు సరిహద్దు దాటే ప్రతి స్టేషనూ ఆ జాబితాలో ఉంటుందనుకోరాదు, ముందుగానే చూసుకోవాలి. దారి మధ్యలో దిగి ఊళ్ళు చూడదలచినవారు ఏ ఊరి నుండి ఏ ఊరికి ఆ టిక్కెట్టు విడిగా తీసుకోవలసి ఉంటుంది. బైకాల్ సరస్సు చూడాలంటే ఇర్కూత్‌స్క్ నుండి తూర్పుగా వెళ్ళేటప్పుడు ఎడమ కిటికీ పక్కన కూర్చోవాలి. పగటి వేళ దాటే బండిని ఎంచుకోవాలి.