అస్లమ్‌ని మైదాన్‌లోకి పంపిన సర్దార్ జీ

1975 హాకీ వరల్డ్ కప్ పేరెత్తితే చాలు, మన ఇళ్లలో బుజుర్గులకి ముందు గుర్తొచ్చేది అస్లమ్ షేర్ ఖాన్. కౌలాలంపూర్ సెమీఫైనల్, మలేషియా 2-1 ఆధిక్యం, చివరి నిమిషాలు, పెనాల్టీ కార్నర్. మెడలోని తావీజ్‌ని ముద్దు పెట్టుకుని కొట్టిన ఆ గోల్ కిస్సా తరాలుగా చెప్పుకుంటున్నాం. బానే ఉంది. కానీ టోర్నమెంట్ అంతా బెంచీ మీద కూర్చున్న కుర్రాణ్ణి ఆ నాజూకు ఘడియలో మైకేల్ కిండో స్థానంలో దించింది ఎవరు? ఈ సవాల్ మాత్రం ఎవరూ అడగరు.

ఆయన మేనేజర్ బల్బీర్ సింగ్. 1948, 1952, 1956 ఒలింపిక్స్‌లో మూడు బంగారు పతకాలు గెలిచిన సెంటర్ ఫార్వర్డ్. 1952 హెల్సింకీ ఫైనల్లో భారత్ కొట్టిన ఆరు గోల్స్‌లో ఐదు ఆయనవే.

ఈ తారీఖ్‌లో తక్సీమ్ గాయం కూడా ఉంది. 1947లో నేషనల్ చాంపియన్లయిన ఉమ్మడి పంజాబ్ జట్టుకి కెప్టెన్ ఏ.ఐ.ఎస్. దారా. బల్బీర్ ఆయన కింద ఆడాడు. ఏడాది తిరిగేసరికి లండన్ ఒలింపిక్స్‌లో దారా పాకిస్తాన్ కెప్టెన్, బల్బీర్ హిందుస్తాన్ ఆటగాడు. ఇదే దారా 1936 బెర్లిన్‌లో భారత్ తరఫున బంగారు పతకం గెలిచాడు. ఆ జట్టులోనే అహ్మద్ షేర్ ఖాన్ ఉన్నారు, అంటే మన అస్లమ్ అబ్బాజాన్! ఒక రిష్తా ఎక్కడ మొదలై ఎక్కడ తేలిందో చూడండి.

1958 టోక్యో ఏషియన్ గేమ్స్‌లో గోల్ సగటు మీద స్వర్ణం పాకిస్తాన్‌కి పోయింది. 1960 రోమ్‌లో బల్బీర్ లేరు, ఒలింపిక్ బంగారమూ మనకి రాలేదు. ఆట మానేశాక చాలామంది పాత పతకాల మీద బతికేస్తారు. బల్బీర్ మాత్రం కుర్రాళ్ల జిమ్మేదారీ నెత్తికెత్తుకున్నారు. 1971 బార్సిలోనా వరల్డ్ కప్‌కి ఆయన చేతికొచ్చిన జట్టు సెమీస్‌లో పాకిస్తాన్ చేతిలో ఓడి, కాంస్యంతో తిరిగొచ్చింది.

1975 నాటికి హాకీ ఫెడరేషన్ ఝగడాల్లో కూరుకుపోయింది. క్యాంప్ ఖర్చు, ఇంతెజామ్ పంజాబ్ సర్కార్ మీద పడింది. క్యాంప్ చండీగఢ్‌లో. అది నడుస్తుండగానే బల్బీర్ తండ్రి, స్వాతంత్ర్య సమరయోధుడు దలీప్ సింగ్ ఇంతెకాల్ అయ్యారు. అంత్యక్రియలు ముగించుకుని ఆయన మళ్లీ క్యాంప్‌కే వచ్చేశారు. ఇంట్లో మయ్యత్ అయిన మనిషి మరునాడే కుర్రాళ్ల పరుగులు లెక్కపెట్టడమంటే ఎంత సబర్ కావాలో మీకు చెప్పనక్కర్లేదు.

నాకు అన్నిటికన్నా నచ్చిన మాట వేరే ఉంది. కౌలాలంపూర్‌లో అస్లమ్‌ని నమాజ్ కోసం మస్జిద్‌కి వెంటబెట్టుకెళ్లింది ఈ సర్దార్ జీయే. అది తెహజీబ్ అనండి, మేనేజర్ తెలివి అనండి. నేను రెండూ అంటాను. బెంచీ మీద కూర్చున్న కుర్రాడికి తానూ జట్టులో మనిషినేనన్న యకీన్ కలిగించకుండా, చివరి నిమిషాల్లో స్టిక్ చేతికిచ్చి గోల్ కొట్టమంటే ఎలా కొడతాడు?

అస్లమ్ స్కోరు సమం చేశాడు. అదనపు సమయంలో హర్‌చరణ్ సింగ్ గోల్‌తో 3-2. మార్చి 15న ఫైనల్లో పాకిస్తాన్ ముందు గోల్ కొట్టినా, సుర్జీత్ సింగ్, అశోక్ కుమార్ గోల్స్‌తో అజిత్‌పాల్ జట్టు 2-1తో గెలిచింది. పురుషుల హాకీలో మనకున్న వరల్డ్ కప్ ఇప్పటికీ అదొక్కటే.

1985లో బల్బీర్ తన పతకాలు, 1956 మెల్‌బోర్న్ కెప్టెన్ బ్లేజర్ స్పోర్ట్స్ అథారిటీ మ్యూజియం కోసం అమానత్‌గా ఇచ్చారు. అవి గాయబ్ అయ్యాయని 2012లో బయటపడింది. వాటి కోసం తిరుగుతూనే 2020 మే 25న మొహాలీలో కన్నుమూశారు. 2008లో పాత ఫెడరేషన్ సస్పెండ్ అయినప్పుడు, హాకీ బాగోగులు చూడమని ఐదుగురు మాజీ ఆటగాళ్ల కమిటీ వేశారు. దాని సదర్ కుర్సీలో కూర్చున్నది అస్లమ్ షేర్ ఖాన్.