స్ప్రింగు కంపనాలు: సహజ పౌనఃపున్యం, ఆవర్తన కాలం

స్ప్రింగుకు వేలాడదీసిన బరువును కొద్దిగా లాగి వదిలితే, బయటి బలమేదీ తోడ్పడకుండానే అది సెకనుకు చేసే కంపనాల సంఖ్యను సహజ పౌనఃపున్యమని, ఒక కంపనానికి పట్టే సమయాన్ని ఆవర్తన కాలమని అంటారు. ఇవి రెండూ పరస్పర విలోమాలు. సాగుదలకు అనులోమానుపాతంలో స్ప్రింగు వెనక్కి లాగుతుందని 1678లో రాబర్ట్ హుక్ ప్రచురించిన నియమమే ఈ గణనకు ఆధారం. స్ప్రింగును ఒక మీటరు సాగదీయడానికి కావలసిన బలాన్ని స్ప్రింగు స్థిరాంకమంటారు. ద్రవ్యరాశిని ఈ స్థిరాంకంతో భాగించి, వర్గమూలం తీసి, 6.28తో గుణిస్తే ఆవర్తన కాలం వస్తుంది.

ఉదాహరణకు, 0.5 కిలోగ్రాముల బరువుకు స్ప్రింగు 9.8 సెంటీమీటర్లు సాగితే, 4.9 న్యూటన్ల బలాన్ని 0.098 మీటర్లతో భాగించగా స్థిరాంకం మీటరుకు 50 న్యూటన్లు, ఆవర్తన కాలం 0.63 సెకన్లు, పౌనఃపున్యం సుమారు 1.6 హెర్ట్జ్ అవుతాయి. అలాంటి రెండు స్ప్రింగులను సమాంతరంగా కలిపితే స్థిరాంకం రెట్టింపై ఆవర్తన కాలం 0.44 సెకన్లకు తగ్గుతుంది. శ్రేణిలో కలిపితే స్థిరాంకం సగమై 0.89 సెకన్లకు పెరుగుతుంది. స్ప్రింగు స్వంత బరువు ఉపేక్షించదగినది కానప్పుడు, అందులో మూడో వంతును వేలాడే బరువుకు కలపాలి.

ఇదే లెక్క రైలు పెట్టెలకూ వర్తిస్తుంది. తిరుపతిలోని రైల్వే క్యారేజి రిపేరు షాపు వంటి కర్మాగారాలలో మరమ్మతు చేసే ఐసీఎఫ్ (ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ) రకం బోగీలలో, అంటే పెట్టెను మోసే చక్రాల చట్రాలలో, ఇరుసుల వద్ద ఒక అంచె, పెట్టెకింద మరో అంచెగా చుట్ట స్ప్రింగులుంటాయి. పెట్టె బరువుకు స్ప్రింగులన్నీ కలిసి అణిగే లోతు తెలిస్తే చాలు, దానిని గురుత్వ త్వరణంతో భాగించి పై పద్ధతిలోనే ఆవర్తన కాలాన్ని లెక్కకట్టవచ్చు. పట్టాల అతుకుల కుదుపులు ఈ పౌనఃపున్యంతో ఏకీభవిస్తే అనునాదం ఏర్పడి ఊపు పెరుగుతుంది కనుక, దానిని అణచడానికి స్ప్రింగులకు తోడుగా డాంపర్లను అమరుస్తారు.