నడుమ నిలబడ్డ కొండ

మైక్రోవేవ్ అనగానే మనకు వంటింట్లో అన్నం వేడిచేసుకునే పెట్టె గుర్తొస్తుంది కదండీ! బోస్టన్ దగ్గర వాల్థమ్‌లో ఉండే మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు, "అత్తయ్యా, ఒకప్పుడు ఈ ఊరి బేర్ హిల్ మీదుగా మైక్రోవేవ్‌లో ఫోన్లు వెళ్ళేవి" అని అల్లుడు అంటే నవ్వేశాను. తర్వాత తనే కూర్చోబెట్టి చెప్పాడు.

రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ల కోసం ఈ తరంగాల మీద చాలా పని జరిగింది. యుద్ధం అయ్యాక బెల్ టెలిఫోన్ వాళ్ళు వాటిని ఫోన్లకీ, టీవీకీ వాడుకున్నారు. న్యూయార్క్, బోస్టన్‌ల మధ్య సుమారు 220 మైళ్ళ దారిని 1947 నవంబర్ 13న ప్రారంభించారు. మధ్యలో తీగ లేదు.

ఈ తరంగాలు టార్చిలైటు వెలుగులా తిన్నగా పోతాయి. భూమి వంపు తిరిగినా అవి తిరగవు. అందుకే ఒకదానికొకటి కనపడే ఎత్తయిన చోట్లు వెతికి ఏడు స్టేషన్లు కట్టారు. న్యూయార్క్ వైపు మొదటిది జాకీ జోన్స్ కొండ, బోస్టన్ వైపు చివరిది బేర్ హిల్. దూరం నుంచి నీరసించి వచ్చిన సంకేతాన్ని అందుకుని, బలం పోసి, పక్క కొండకు పంపడమే వాటి పని. 1951 నాటికి 107 టవర్లతో ఇలాంటి దారి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా వెళ్ళింది. తర్వాత ఫైబర్ కేబుళ్ళు వచ్చి వాటి అవసరం తీరిపోయింది.

ఫోనులో మాట్లాడుకునే ఆ ఇద్దరికీ నడుమ ఏడు కొండలున్నాయని తెలిసి ఉంటుందా?

నాకు మా అమ్మ గుర్తొచ్చింది. పొలం దగ్గర మాటపట్టింపు వచ్చి అన్నయ్యా తమ్ముడూ మాట్లాడుకోవడం మానేశారు. అయినా ఒకరి కబుర్లు ఒకరికి తెలిసేవి. కొండ వచ్చిన మాటను వచ్చినట్టే పంపేది. అమ్మ మాత్రం కోపాన్ని వడగట్టి పంపేది. అమ్మ పోయి మూడేళ్ళయింది. అప్పట్నుంచీ ఆ దారి మూగబోయింది. నాకెందుకులే అని నేనూ ఊరుకున్నాను.

ఆ రాత్రి అన్నయ్యకు ఫోన్ చేశాను. అక్కడ తెల్లవారింది.

"ఏమ్మా, అంతా బాగానే ఉన్నారా?" అని కంగారుపడ్డాడు.

"బాగానే ఉన్నాం. తమ్ముడికి మోకాలి ఆపరేషన్ అయింది. నీకు తెలుసా?"

కాసేపు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత మెల్లగా అడిగాడు, "ఏ కాలికి?"