శిఖం భూమిలో మూడు పుల్లలు

ఇంట్లో క్రికెట్ పిచ్చివాళ్ళున్న ఏ ఇల్లాలికైనా ఒక సంగతి తెలుసు. వడ్డించి పిలిస్తే "ఇదొక్క ఓవరు" అంటారు. ఆ ఒక్క ఓవరూ అయ్యేసరికి చారు చల్లారిపోతుంది. పిలవడానికి వెళ్ళిన మనం గరిటె చేత్తో పట్టుకుని, గుమ్మంలో నుంచుని, మనకు తెలియకుండానే నాలుగు బంతులు చూసేస్తాం. నేను క్రికెట్ చూడడం నేర్చుకున్నది అలాగే.

చూడగా చూడగా నాకొక సందేహం వచ్చింది. చీర కొనేటప్పుడు ఎక్కడ నేసిందని అడుగుతాం కదా, పోచంపల్లిదా, గద్వాలదా, నారాయణపేటదా అని! ఈ మూడూ మావైపువే. పోచంపల్లి పాత నల్లగొండ జిల్లా. మిగిలిన రెండూ పాత పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ జిల్లా. మరి ఈ ఆటగాళ్ళు ఎక్కడ తయారవుతారు? వాళ్ళ ఊళ్ళ సంగతి వచ్చినప్పుడు మా రెండు జిల్లాల పేర్లు వినబడవెందుకు?

నేతపని ఎవరూ పలక మీద రాసి నేర్పరు. తండ్రి మగ్గం మీద కూర్చుంటాడు, తల్లి ఆసు పోస్తుంది, పిల్ల పక్కన కండెలు చుడుతుంది. పెద్దవాళ్ళ పనిలో చిన్న పనిగా మొదలై, ఏనాడో ఒకనాడు మగ్గం తన చేతికి వస్తుంది. హైదరాబాదు క్రికెట్ చరిత్ర చదివితే అక్కడా జరిగింది ఇదేననిపించింది.

మొదట్లో అది నవాబుల ఆట. పైగా వంశపు నవాబు మొయినుద్దౌలా పేరిట బంగారు కప్పు పోటీలు 1930-31లో మొదలయ్యాయి. 1934లో హైదరాబాదు క్రికెట్ సంఘం ఏర్పడింది. 1937-38లో రంజీ ట్రోఫీ ఫైనల్లో నవానగర్ జట్టును ఒకే ఒక్క వికెట్ తేడాతో ఓడించారు. ఐబారా అనే ఆయన సెంచరీ కొట్టి గట్టెక్కించాడు. ఆ తర్వాత మళ్ళీ ఆ ట్రోఫీ ఇంటికి రావడానికి 1986-87 దాకా ఆగవలసి వచ్చింది. అంటే దాదాపు యాభై ఏళ్ళు! మనవలు పుట్టి పెద్దవాళ్ళయ్యేంత కాలం.

ఇక్కడొక తమాషా ఉంది. ఆనాటి "హైదరాబాదు" అంటే నగరం కాదు, నిజాం రాజ్యం. పదహారు జిల్లాలు. అందులో నల్లగొండా ఉంది, మహబూబ్‌నగరూ ఉంది. 1956లో రాష్ట్రాలు కలిసినా క్రికెట్ మాత్రం కలవలేదు. ఆంధ్ర జట్టు 1953-54లోనే విడిగా రంజీలోకి దిగింది. దానికి కెప్టెన్ సాక్షాత్తూ సి.కె. నాయుడు. అప్పటికి ఆయనకు యాభై ఎనిమిదేళ్ళు! ఇప్పటికీ ఆ రెండు జట్లూ వేరువేరే. గుంటూరు అల్లుడికీ నల్లగొండ మామగారికీ రంజీ రోజుల్లో మాటలుండవన్నమాట. అయితే పటం మీద పదహారు జిల్లాలున్నా ఆట మాత్రం జంటనగరాల పొలిమేర దాటి ఎక్కువ దూరం రాలేదు.

జంటనగరాల్లో ఆటను బతికించినవి క్లబ్బులు. క్లబ్బంటే పేకాట క్లబ్బు అనుకునేరు. పేటకో జట్టు. పగలు ఆఫీసులో గుమాస్తా, సాయంత్రం బౌలరు. బ్యాంకు ఉద్యోగి, కాలేజీ కుర్రాడు, ఇంకా మీసాలు రాని బడిపిల్లాడు, అందరూ కలిసి పదకొండుమంది. డబ్బులిచ్చేవాళ్ళు లేరు. బంతి కొనడానికి చందాలు. ఆ జట్లలో ఒక పద్ధతి ఉండేది. పిల్లాడిని విడిగా కూర్చోబెట్టి "నువ్వు పెద్దయ్యాక రా" అనేవాళ్ళు కారు. ఫీల్డింగుకి పెట్టేవాళ్ళు, ఆఖరున బ్యాటింగు ఇచ్చేవాళ్ళు, తిట్టేవాళ్ళు, మ్యాచ్ అయ్యాక ఇరానీ చాయ్ తాగించేవాళ్ళు. మారేడుపల్లి వాడైన ఎం.ఎల్. జైసింహ 1954-55లో ఆంధ్ర జట్టు మీద తన తొలి రంజీ మ్యాచ్ ఆడాడు. తొంభై పరుగులు చేసి, మూడు వికెట్లు కూడా తీశాడు. వయసెంతో తెలుసా? పదిహేను. మన ఇళ్ళల్లో ఆ వయసు పిల్లాణ్ణి ఒంటరిగా బజారుకి పంపాలంటేనే రెండుసార్లు ఆలోచిస్తాం.

ఇదంతా పాతకాలపు మాట అనుకోకండి. మహమ్మద్ సిరాజ్ ఆటోడ్రైవరు కొడుకు. చాలా ఏళ్ళు టెన్నిస్ బంతితోనే ఆడాడు. మేనమామ కెప్టెన్‌గా ఉన్న క్లబ్బు తరఫున ఆడి తొమ్మిది వికెట్లు తీస్తే, మామ సంతోషించి చేతిలో అయిదువందలు పెట్టాడని ఆయనే చెప్పుకున్నాడు. మన కుటుంబాల్లో మేనమామ చేయవలసిన పనులు చాలా ఉన్నాయి గాని, పిల్లాణ్ణి జట్టులోకి తీసుకోవడం కూడా వాటిలో ఒకటని నాకప్పుడే తెలిసింది.

ఈ పద్ధతిని సముద్రాలు దాటించిన మనిషి కూడా ఒకాయన ఉన్నాడు. 1986-87లో రంజీ గెలిచిన జట్టుకు కెప్టెన్ ఎం.వి. నరసింహారావు. స్నేహితులకు బాబ్జీ. నాలుగు టెస్టులు ఆడాడు. 1980లలో ఉత్తర ఐర్లండులోని స్ట్రబేన్ అనే చిన్న ఊరి క్లబ్బుకి ఆడడానికి వెళ్ళాడు. అప్పుడక్కడ కాథలిక్కులకీ ప్రొటెస్టెంట్లకీ మధ్య బాంబులు పేలుతున్న రోజులు. ఆయన ఆడడంతో సరిపెట్టుకోలేదు. ఇటు పిల్లల్నీ అటు పిల్లల్నీ చేరదీసి ఆట నేర్పాడు. అక్కడే స్థిరపడ్డాడు. ఆ సేవకు 2011లో బ్రిటిష్ ప్రభుత్వం ఎం.బి.ఇ. బిరుదు ఇచ్చింది. సికింద్రాబాదు తెలుగువాడు ఐర్లండు పల్లెల్లో పిల్లలకి బ్యాటు పట్టుకోవడం నేర్పాడంటే గర్వంగానే ఉంటుంది. కాని నల్లగొండ దాన్ని కదా, ఆ వార్త చదివినప్పుడు ఇంకో ఊహ కూడా వచ్చింది. స్ట్రబేన్ దాకా వెళ్ళిన ఆట వంద కిలోమీటర్లు దాటి మావైపు ఎందుకు రాలేదు?

రాలేదంటే పిల్లలు ఆడలేదని కాదు. ఆడారు, ఆడుతున్నారు. మావైపు మైదానం పేరు శిఖం. అంటే చెరువు లోపలి భూమి. ఎండాకాలం నీళ్ళు తగ్గగానే నేల బయటపడుతుంది. ఎండి, పగిలి, మళ్ళీ పశువుల కాళ్ళకింద చదునవుతుంది. అక్కడ మూడు పుల్లలు పాతితే వికెట్లు. జూన్‌లో వానలు పడితే మైదానం నీళ్ళకిందకి పోతుంది. మరుసటేడు మళ్ళీ మొదలు. పండగలకి ఊరూరి జట్లకు పోటీలు పెడతారు. అంతే. వారం వారం పెద్దవాళ్ళతో కలిసి ఆడే లీగు ఉంటే తప్ప కుర్రాడి తప్పు కుర్రాడికి తెలీదు. శిఖంలో కొట్టినవన్నీ సిక్సర్లే! సిక్సరు కొట్టాలన్న యావ వాడికి ఎటూ వస్తుంది. వదిలేయవలసిన బంతిని వదిలేయడం మాత్రం ఒకరు పక్కన నుంచుని చెబితేనే వస్తుంది.

పాలమూరు సంగతి ఇంకా వేరు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా పాలమూరు కూలీల చెమట లేకుండా కట్టలేదంటారు. వానలు లేని ఏడు ఇళ్ళకి తాళాలు వేసి, ముసలివాళ్ళని వదిలి, పిల్లల్ని చంకనేసుకుని వలస పోయేవాళ్ళు. అటువంటి ఊళ్ళో జట్టు కడితే ఎన్నాళ్ళుంటుంది? ఓపెనింగు బ్యాట్స్‌మన్ ముంబయిలో, వికెట్ కీపరు పూనాలో.

నల్లగొండకి నీళ్ళే శత్రువు. మా జిల్లా పేరు ప్రపంచంలో ఒక శాస్త్ర పద్ధతికి ఉంది, తెలుసా? పటిక, సున్నం వేసి నీటిలోని ఫ్లోరైడును తీసే విధానాన్ని నాగపూరులోని పర్యావరణ పరిశోధన సంస్థవాళ్ళు 1970లలో రూపొందించారు. దాన్ని "నల్లగొండ టెక్నిక్" అంటారు. అంత పేరు రావడానికి కారణం మర్రిగూడ వైపు ఊళ్ళల్లో కాళ్ళు వంకర్లు తిరిగి, వెన్ను వంగిపోయిన పిల్లలు. కృష్ణ నీళ్ళు నల్లాల్లోకి వచ్చాక ఆ బాధ చాలా తగ్గింది. పిల్లల్ని ఆటగాళ్ళుగా తయారుచేయడమంటే ముందు వాళ్ళు పరుగెత్తగలగాలి కదా! మావైపు తల్లులు ఎన్నో ఏళ్ళు ఆ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయారు.

ఇక నగరంలో క్లబ్బులు ఏమయ్యాయి? క్లబ్బుకో ఓటు. ఓటుంటే సంఘంలో పెత్తనం. దాంతో పిల్లాణ్ణి చేరదీసే చోటు కాస్తా ఎన్నికల సరుకయింది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2023లో కోర్టు నియమించిన జస్టిస్ లావు నాగేశ్వరరావుగారి కమిటీ, ఒకే చేతి కింద పలు క్లబ్బులున్నాయన్న కారణంతో 57 క్లబ్బుల్ని ఓటుకి దూరం పెట్టింది. పేటలో చందాలతో బంతి కొన్నవాళ్ళు ఈ లెక్క వింటే ఏమనేవాళ్ళో!

ఇంతవరకూ "పిల్లాడు, పిల్లాడు" అంటూ వచ్చాను. మరి పిల్ల?

1978 జనవరి 13న హైదరాబాదు లాల్‌బహదూర్ స్టేడియంలో ఆస్ట్రేలియా, ఇంగ్లండు ఆడవాళ్ళు ప్రపంచకప్పు కోసం ఆడారు. ఆస్ట్రేలియా గెలిచి కప్పు పట్టుకెళ్ళింది. మన నగరంలో ఆడవాళ్ళ ప్రపంచకప్పు తేలిందన్న సంగతి నా స్నేహితురాళ్ళలో ఒక్కరికీ తెలీదు. క్రికెట్ అంటే ప్రాణమిచ్చే వాళ్ళ భర్తలకీ తెలీదు.

మిథాలీ రాజ్ కథ మీరు వినే ఉంటారు. పొద్దెక్కేదాకా నిద్రపోతుందని తండ్రి ఆమెను అన్నతోపాటు సికింద్రాబాదులో సెయింట్ జాన్స్ శిక్షణ కేంద్రానికి తీసుకెళ్ళేవాడట. హద్దు దగ్గర హోంవర్కు రాసుకుంటూ, అటొచ్చిన బంతిని బ్యాటుతో కొట్టే పిల్లని చూసి అక్కడి శిక్షకుడు జ్యోతిప్రసాద్, ఆడపిల్లలకి నేర్పే సంపత్ కుమార్ దగ్గరికి పంపమన్నాడు. ఆయన కీస్ బాలికల పాఠశాలలో నేర్పేవాడు. బడి వరండాలో ప్రాక్టీసు! బంతి గోడకి తగలకుండా నేరుగా కొట్టాలి. ఆ పిల్ల చక్కగా భరతనాట్యం చేసేది. చివరికి రెండిట్లో ఒకటి వదులుకోవలసి వచ్చింది. 1997లో సంపత్ కుమార్ రోడ్డు ప్రమాదంలో పోయాడు. 1999 జూన్ 26న, పదహారేళ్ళ వయసులో, మిథాలీ ఐర్లండు మీద తొలి మ్యాచ్‌లోనే 114 పరుగులు చేసి అవుట్ కాకుండా నిలిచింది. నేర్పినాయన చూడలేదు. రికార్డులన్నిటికన్నా నాకు ఆ వరండాయే ఎక్కువ గుర్తుంటుంది.

ఇప్పటి పిల్ల గొంగడి త్రిష. భద్రాచలం. తండ్రి అక్కడ తన జిమ్ము వదులుకుని, కూతురి ఆట కోసం కుటుంబాన్ని సికింద్రాబాదుకి తరలించాడు. 2025లో పంతొమ్మిదేళ్ళ లోపు అమ్మాయిల ప్రపంచకప్పులో 309 పరుగులు చేసి, టోర్నీలో అత్యుత్తమ క్రీడాకారిణి అనిపించుకుంది. అదే ఏడాది నవంబరు 2న పెద్దవాళ్ళ ప్రపంచకప్పు గెలిచిన జట్టులో కడప జిల్లా పల్లె పిల్ల శ్రీచరణి ఉంది. ఆ టోర్నీలో పద్నాలుగు వికెట్లు తీసింది. సంతోషమే. కాని త్రిష తండ్రిలాగా ఊరు వదిలి రాగల తండ్రులు ఎంతమంది? తల్లి సంగతి ఎవరూ రాయరు గాని, కొత్త ఊళ్ళో పొద్దున్నే అయిదింటికి పాలు కాచి డబ్బా కట్టేది ఎవరో మనకి ఒకరు చెప్పాలా?

మావైపు చెరువులు ఈమధ్య బాగయ్యాయి. పూడిక తీశారు, కాలవలొచ్చాయి. చాలాచోట్ల ఎండాకాలం కూడా నీళ్ళుంటున్నాయి. రైతుకి పండగే, పిల్లల శిఖం మాత్రం మునిగింది. దానికి బదులా అన్నట్టు 2022 నుంచి ఊరూరా క్రీడా ప్రాంగణాలు కట్టారు. ఎకరం చొప్పున నేల. కబడ్డీకి సరిపోతుంది, ఖోఖోకి సరిపోతుంది, వాలీబాలుకీ సరిపోతుంది. క్రికెట్ బంతి మాత్రం పక్క చెల్కలో పడుతుంది.

మొన్న మావైపు ఒక ఊళ్ళో అలా పడిన బంతిని తేవడానికి ఒక ఆడపిల్ల పత్తిచేనులోకి దిగింది. అక్కడినుంచే విసిరింది. బంతి ఒక్కసారి కూడా నేల తగలకుండా వచ్చి కీపరు చేతుల్లో పడింది. దగ్గరికి పిలిచి అడిగాను. ఏడో తరగతట.

"నువ్వూ ఈ టీములో ఉన్నావామ్మా?"

"లేదు మేడం. అన్నోళ్ళు ఆడుతరు. నేను బాల్ తెచ్చిస్త."