తొమ్మిదేళ్లు ఆగిన ఓటు

2021 మార్చి 10, బుధవారం. ఏడు కాకముందే గోపాలపట్నంలో ఓ బడి గేటు ముందు మీరు లైన్లో నిలబడ్డారు. ముందున్నాయన మెడలో రైల్వే కార్డు వేలాడుతోంది, నైట్ డ్యూటీ దిగి నేరుగా ఇటే వచ్చేశాడు. వెనక ఒక ముసలమ్మ, మాస్కు గడ్డం మీదికి జారిపోయింది. సింహాచలం స్టేషన్ వైపు గూడ్సు బండి కూత. గేటు దగ్గర ఒకమ్మాయి వచ్చినవాళ్లందరి అరచేతుల్లో శానిటైజర్ పోస్తోంది.

లోపల్నుంచి వచ్చినావిడను ఆపి అడుగుతోంది ముసలమ్మ: "మిసను లేదేటమ్మా?"

"లేదు మామ్మా. ఇది కార్పొరేషన్ ఓటు. కాయితం మీద ముద్రేసి, మడతెట్టి, డబ్బాలో వేసెయ్యడమే."

రెండేళ్ల కిందట, 2019 ఏప్రిల్ 11న, మీరు రెండు మిషన్ల మీద మీటలు నొక్కారు, ఒకటి ఎంపీకి, ఒకటి ఎమ్మెల్యేకి. ఆ ఎన్నిక నడిపింది ఢిల్లీలోని కేంద్ర ఎన్నికల సంఘం. ఈరోజు ఓటు రాష్ట్ర ఎన్నికల సంఘానిది. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన ఏర్పాటు ఇది. ఓటర్ల జాబితా మాత్రం అసెంబ్లీదే, వార్డుల వారీగా విడగొట్టారంతే. బల్ల వెనక కూర్చునేదీ అలాంటి ప్రభుత్వ ఉద్యోగులే. అసలు తేడా ఒక్కచోట ఉంది. ఎంపీ ఓటు, ఎమ్మెల్యే ఓటు అయిదేళ్లు తిరిగేసరికి మీ గుమ్మం ముందుకొచ్చాయి. కార్పొరేటర్ ఓటు మీరు చివరిసారి వేసింది 2007లో.

ఆ పాలకవర్గం గడువు 2012లో తీరింది. అప్పట్నుంచి తొమ్మిదేళ్లు విశాఖ నగరాన్ని ప్రత్యేకాధికారులు నడిపారు. అయిదేళ్లు నిండకముందే కొత్త ఎన్నిక జరిపి తీరాలని రాజ్యాంగం చెబుతోంది. 2006లో కిషన్ సింగ్ తోమర్ కేసులో సుప్రీంకోర్టు అదే మాట గట్టిగా చెప్పింది. కానీ వార్డులు విడదీసేది, రిజర్వేషన్లు ఖరారు చేసేది రాష్ట్ర ప్రభుత్వం. ఆ రెండూ తేలందే ఎన్నికల సంఘం ప్రకటన ఇవ్వలేదు. విలీనాలు, కేసులు, మళ్లీ విభజన, అలా 72 వార్డులు 98 అయ్యాయి. అధికారంలో ఏ పార్టీ ఉన్నా ఈ ఆలస్యం వాళ్లకు బరువనిపించలేదు. నాకు కోపం తెప్పించేది ఇదే.

లైను నాలుగడుగులు కదిలింది. రైల్వే ఆయన వెనక్కి తిరిగాడు. "పోయినేడు గ్యాసొచ్చిన రాత్రి మా బావావోళ్లు వెంకటాపురంలోనే ఉన్నారండీ," అంటాడు. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఇళ్ల మీదికొచ్చింది. 12 మంది చనిపోయారు. "మంత్రులొచ్చారు, కలెక్టరొచ్చారు. మా వార్డు మనిషని ఎవుల్ని పట్టుకుంటాం? లేడు గదా!"

అవును, అప్పటికి ఎనిమిదేళ్లుగా కార్పొరేటర్ లేడు. అతణ్ని ఎన్నుకునే ఓటు జరిపించాల్సిన కుర్చీ కూడా సరిగ్గా ఆ వారాల్లోనే తగాదాలో ఉంది. మార్చి 15న రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేష్ కుమార్ కరోనా కారణంగా స్థానిక ఎన్నికలు వాయిదా వేశారు. ఏప్రిల్ 10న ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి కమిషనర్ పదవీకాలాన్ని అయిదేళ్ల నుంచి మూడేళ్లకు కుదించింది. ఆయన స్థానంలోకి కనగరాజ్ వచ్చారు. మే 29న హైకోర్టు ఆర్డినెన్స్‌ను కొట్టేసింది, జూలై ఆఖరుకి రమేష్ కుమార్ తిరిగి పదవిలోకి వచ్చారు. 2021 జనవరిలో ఆయన పంచాయతీ ఎన్నికలు ప్రకటిస్తే ఇప్పుడు వద్దంది ప్రభుత్వం. జనవరి 25న సుప్రీంకోర్టు ప్రభుత్వ అభ్యంతరం తోసిపుచ్చాకే బ్యాలెట్ పెట్టెలు కదిలాయి. ఆ గొడవలో జాబితా సకాలంలో సిద్ధం కాక 2019 నాటి పాత జాబితాతోనే పంచాయతీ పోలింగ్ జరిగింది. కొత్తగా పద్దెనిమిది నిండిన సుమారు 3.6 లక్షల మంది ఓటు పోగొట్టుకున్నారు.

మీ వంతొచ్చింది. స్లిప్పు చూసి పేరు చదివారు, వేలికి సిరా పెట్టారు. కాయితం అందుకుని అట్ట చాటుకి వెళ్తారు. స్వస్తిక్ ముద్ర తడితడిగా ఉంది. సిరా రెండో గుర్తుకి అంటకుండా ఎలా మడవాలో ఒక్క క్షణం తడబడతారు. వార్డు ఓటు వేసి పద్నాలుగేళ్లయింది మరి.

స్థానిక ఎన్నికల పని రాష్ట్రాలకు అప్పగించడమే తప్పనే వాళ్లున్నారు. 1949 జూన్‌లో రాజ్యాంగ సభలో అంబేడ్కర్ పార్లమెంటు, శాసనసభల ఎన్నికలను ఒకే కేంద్ర సంఘం కిందికి తెచ్చినప్పుడు చెప్పిన కారణం కూడా బలమైనదే. కొన్ని ప్రాంతాల్లో వేరే భాష, వేరే సంస్కృతి వాళ్లను జాబితాల్లోకి రానివ్వడం లేదని ఆయన సభకు చెప్పారు. ఒడియా, హిందీ కుటుంబాలు కలిసి బతికే ఈ రైల్వే, పోర్టు ఊళ్లో ఆ భయం అర్థమవుతుంది. అయినా వార్డు ఓటును ఢిల్లీకి అప్పగించమని నేననను. కేరళలో వార్డుల విభజన సంఘానికి రాష్ట్ర ఎన్నికల కమిషనరే అధ్యక్షుడు. మన చట్టం కూడా విభజననీ, రిజర్వేషన్ల ఖరారునీ ఆ చేతికే ఇవ్వాలి, తేదీతో సహా. ఆ బుధవారం విశాఖలో వేసిన ఓట్లతో ఎన్నికైన పాలకవర్గం 2021 మార్చి 18న కొలువుదీరింది. దాని అయిదేళ్ల గడువు 2026 మార్చి దాకానే.